పటిక అంటిన చోట ఎరుపు

పెడనలో గంగాళం కింద మంట రాజుకునే సరికి బట్ట మీద ఇంకా పువ్వు ఉండదు. పువ్వు పూయాల్సిన చోటు మాత్రం ఉంటుంది. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేసిన నూలుగుడ్డ లేత పసుపు చాయ తిరిగి ఉంటుంది. దాని మీద టేకుచెక్క అచ్చుతో, జిగురు కలిపిన పటిక నీళ్లు అద్దుతారు. పటికకి రంగు లేదు. ఎక్కడ అద్దిందీ అద్దేవాడికి తెలియాలి కనుక గుర్తుకోసం ఏదో కాస్త రంగు కలుపుతారు, అది నీళ్లలో పోయేదే. అలా అద్దిన గుడ్డని ఆరబెట్టి, కాలవలో జాడించి, మరిగే రంగునీళ్లలో వేసి కర్రలతో తిప్పుతూ ఉంటే పటిక అంటిన చోటల్లా ఎరుపు విచ్చుకుంటుంది. అంటని చోట పట్టినది ఒట్టి మకిలి. కొన్ని ఎండలు, కొన్ని ఉతుకులు తగిలేసరికి తేలిపోతుంది. ఎరుపు మాత్రం ఉండిపోతుంది. చీర చిరిగినా ఉంటుంది.

ఈ ఎరుపు కోసం లోకం పెడన పక్కనున్న బందరు దాకా నడిచి వచ్చింది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఈ రేవులో దిగారు. వాళ్లకంటే ముందు నుంచే పారశీక వర్తకులకి బందరు అద్దకం తెలుసు. ఎన్నిసార్లు ఉతికినా వదలని రంగుని చూసి ఐరోపా ఎంత మతిపోగొట్టుకుందంటే, తమ నేతగాళ్ల పొట్ట కొడుతోందని 1686లో ఫ్రాన్సు ఈ బట్టల్నే నిషేధించింది. నిషేధించాక ఇంకా మక్కువ పెరిగి ఉంటుందని నా అనుమానం. అది మనుషుల స్వభావం.

ఆ కథ చరిత్రకారులు చెప్పగలరు. నేను ఆగిపోయే చోటు వేరు. ఈ ఎరుపు ఎవరిది?

వేరుదంటారా? చిరివేరు అనే చిన్న మొక్క కోస్తా ఇసుక నేలల్లో పెరుగుతుంది. దాని వేరుపట్టలో రంగు దాగి ఉంటుంది. రాక్స్‌బర్గ్ దొర 1795లో కోరమాండల్ మొక్కల గురించి అచ్చువేసిన పెద్ద బొమ్మల పుస్తకంలో దీనికి మొదట్లోనే చోటిచ్చాడు. ఆ వేరులోని రంగుపదార్థం అలిజరిన్. 1860ల చివర జర్మన్ రసాయనికులు గ్రేబ, లీబర్మన్ దాన్ని తారులోంచి తీసిన సరుకుతో తయారుచేశారు. తర్వాత మెల్లగా చిరివేరు తవ్వేవాళ్లకి పని పోయింది. ఇవాళ పెడన గంగాళాల్లో మరిగేది ఎక్కువగా ఆ కర్మాగారపు అలిజరినే. అయితే దాన్ని ఒక్కదాన్నే తీసి చూస్తే నారింజ పసుపు. నూలు మీద రుద్దితే నిలవదు. పోనీ ఎరుపు పటికదా అంటే, అది తెల్లటి గడ్డ. ఈ రెంటిలో ఏదీ ఎరుపు కాదు. ఒకటి రెండోదాన్ని పట్టుకున్న క్షణాన ఎరుపు పుడుతుంది. అది రెండిటి మధ్య ఉంటుంది.

అణువుల మధ్య జరిగేదాన్ని చూడటం ఎలా? సూక్ష్మదర్శినికి అందదు. ఎక్స్-కిరణాలకి చక్కగా పేర్చిన స్ఫటికం కావాలి. బట్టపోగు మీద రంగు అలా పేర్చుకుని కూర్చోదు. విడదీసి పరీక్షిద్దామంటే, విడదీసిన మరుక్షణం మధ్య అనేదే ఉండదు. విడదీయకుండా, తాకకుండా, కాల్చకుండా ఆ మధ్యని వినగలిగిన సాధనం ఒకటుంది. అయస్కాంత అనునాదం. ఎన్‌ఎంఆర్ అంటే కాలేజీ పిల్లలందరికీ తెలుసు. ఆసుపత్రి ఎమ్మారైకి అది తల్లి.

హైడ్రోజన్ పరమాణువు గుండెలో ఒక ప్రోటాన్ ఉంటుంది. దానికి తనలో తాను తిరిగే గుణం పుట్టుకతో ఉంది. దాన్ని అయస్కాంతంలో పెడితే నేల మీద తల ఊపుతూ తిరిగే బొంగరంలా క్షేత్రం చుట్టూ తల ఊపుతుంది. అయస్కాంతం ఎంత బలమైనదైతే అంత వేగంగా ఊపుతుంది. ఒక టెస్లాకి సెకనుకి 4.26 కోట్ల సార్లు. కాలేజీల్లో, పరిశోధనశాలల్లో సాధారణంగా కనిపించే 9.4 టెస్లాల అయస్కాంతంలో 40 కోట్ల సార్లు. ఆ అయస్కాంతం బలం భూమి అయస్కాంతానికి సుమారు రెండు లక్షల రెట్లు. ఆ బలం రావాలంటే లోపల తీగచుట్ట ద్రవ హీలియంలో మునిగి మైనస్ 269 డిగ్రీల చలిలో ఉండాలి. దాని చుట్టూ మరో పాత్రలో ద్రవ నైట్రోజన్. అంత చలి మధ్యలో ఒక సన్నని దారి ఉంటుంది. గది వెచ్చదనంలోనే ఉన్న గాజుగొట్టం అందులోంచి దిగుతుంది. గొట్టంలో కొద్దిగా ద్రవం.

సరిగ్గా ఆ వేగానికి సరిపోయే రేడియో తరంగం ఒక్క క్షణం తగిలిస్తే ప్రోటాన్లు పక్కకి ఒరుగుతాయి. తరంగం ఆపేశాక మళ్లీ తమ చోటికి తిరిగి వస్తూ, వచ్చే దారిలో తామే ఒక సన్నని రేడియో పాట పాడతాయి. అది ఎంత సన్నని పాటంటే, అంత బలమైన అయస్కాంతంలో కూడా లక్ష ప్రోటాన్లలో క్షేత్రం వైపు మొగ్గిన మిగులు మూడే. తక్కినవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ ముగ్గురి గొంతే మనకి వినిపిస్తుంది. అయినా వినిపిస్తుంది. ఈ సంగతి మొదటిసారి లెక్కవేసి చూసుకున్నప్పుడు నాకు కలిగిన విస్మయం ఇప్పటికీ తగ్గలేదు.

1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ వేరువేరుగా ఈ పాట విన్నారు. 1952లో నోబెల్ ఇచ్చారు. వాళ్లు మొదట అనుకున్నది ప్రోటాన్ ఎక్కడున్నా ఒకే స్వరం పలుకుతుందని. భౌతికశాస్త్రజ్ఞులకి అదే కావాలి కూడా. అలా పలకలేదు. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు ప్రోటాన్‌కి కొంచెం నీడనిస్తాయి. ఆ నీడ ఎంతన్నది ఇరుగుపొరుగుని బట్టి ఉంటుంది. కాబట్టి స్వరం పదిలక్షల్లో కొన్ని వంతులు పక్కకి జరుగుతుంది. ఆ వంతుల అంకెతోనే స్వరం చోటు చెబుతారు. 1951లో స్టాన్‌ఫర్డ్‌లో మామూలు ఆల్కహాల్‌ని అయస్కాంతంలో పెడితే ఒక స్వరానికి బదులు మూడు వినిపించాయి. చివర ఉన్న మూడు హైడ్రోజన్‌లు, నడిమి రెండు, ఆక్సిజన్‌ని పట్టుకున్న ఒక్కటి. వాటి బలాలు మూడు, రెండు, ఒకటి. ఆ వ్యాసం రాసిన ముగ్గురిలో ఎస్. ఎస్. ధర్మట్టి అనే భారతీయుడు ఒకరు. తర్వాత ఆయన బొంబాయి టాటా సంస్థకి వచ్చి మన దేశంలో ఈ విద్యకి పాదు వేశారు. అదే 1951లో బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో జి. సూర్యన్ పారే ద్రవంలో ఈ అనునాదాన్ని కొలిచారు. ప్రవాహం పెరిగితే సంకేతం ఎలా మారుతుందో చూశారు. కాలవల దేశపు మనిషికి ఆ వ్యాసం పేరు వినగానే మనసు చల్లబడుతుంది. ఇవాళ ఎమ్మారైలో రక్తం పరుగు చూడటానికి ఆ ఆలోచన దూరపు చుట్టం.

ఆల్కహాల్ మూడు స్వరాల్లో నాకు మూడోదాని మీద ప్రేమ. మొదటి రెండూ కుదురైనవి. ఆక్సిజన్‌ని పట్టుకున్న ఆ ఒంటరి హైడ్రోజన్ మాత్రం స్థిరంగా ఉండదు. వేడి చేస్తే ఒక పక్కకి జరుగుతుంది. ఇంకో ద్రవం కలిపి పలచన చేస్తే అలాగే జరుగుతుంది. ఎందుకంటే అది తన అణువులో ఉంటూనే పక్క అణువు ఆక్సిజన్ వైపు చెయ్యి చాచి ఉంటుంది. వేడి ఆ చెయ్యి విడిపిస్తుంది. పలచబడితే పట్టుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. స్వరం జరిగిన దూరమే ఆ స్నేహానికి కొలత. అణువుల మధ్య సంబంధాన్ని ఈ యంత్రం మొదటిసారి అలా పట్టిచ్చింది. ఎవరూ దాన్ని అడగలేదు. అదే చెప్పింది.

ఆ సంబంధాలని చదివే మరో ఆధారం కోసం ఇక గుడివాడకి వస్తాను.

సూరి భగవంతం 1909లో పుట్టారు. గుడివాడలో బడి చదువు. హైదరాబాదు నిజాం కాలేజీలో డిగ్రీ. 1928లో రామన్ కలకత్తాలో తన కాంతి పరిణామాన్ని కనుక్కున్న ఏడాదే ఈ కుర్రవాడు ఆయన దగ్గర చేరాడు. తర్వాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, ఉస్మానియా ఉపకులపతి, బెంగుళూరు ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్, రక్షణమంత్రికి సైన్సు సలహాదారు. ఆ పదవుల పట్టిక పెద్దది. వాటి గురించి ఉపన్యాసాలు చాలా వచ్చాయి. నన్ను లాగేది 1929 నాటి ఒక వ్యాసం. నాఫ్తలీన్ స్ఫటికాలని అయస్కాంతంలో వేలాడదీసి, ఏ దిక్కున ఎంత వికర్షణ ఉందో భగవంతం కొలిచారు. అప్పటికి ఆయన వయసు ఇరవైకి అటూ ఇటూ. నాఫ్తలీన్ అంటే ఇంకేమీ కాదు, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టే కలరా ఉండ.

ఆ ఉండలోని అణువు రెండు ఆరుభుజాల వలయాలు పక్కపక్కన అతుక్కున్న చదునైన పలక. అయస్కాంత క్షేత్రం ఆ పలకకి నిలువుగా తగిలితే వికర్షణ ఎక్కువ, పలక వెంబడి తగిలితే తక్కువ. వలయంలో ఏ ఒక్క పరమాణువుకీ కట్టుబడని ఎలక్ట్రాన్లు క్షేత్రం తగలగానే వలయం చుట్టూ పరుగు తీస్తాయి. ఆ పరుగు ఒక చిన్న విద్యుత్ ప్రవాహం, ప్రవాహమన్నాక అది ఒక చిన్న అయస్కాంతం. పౌలింగ్ 1936లో ఈ వలయపు పరుగుని లెక్కకట్టాడు. ఇరవయ్యేళ్ల తర్వాత ఎన్‌ఎంఆర్ వాళ్లకి అదే తాళంచెవి అయింది. వలయం అంచున ఉన్న హైడ్రోజన్‌లు ఏడు దగ్గర ఎందుకు పలుకుతాయో దాంతో తేలింది. ఇంకా ముఖ్యమైనది, వలయం ముఖం మీద, అంటే పలకకి పైనో కిందో వచ్చి ఎవరు కూర్చున్నా, వాళ్ల స్వరం పైకి ఎగబాకకుండా తగ్గు వైపుకి జారుతుంది. ఒక అణువు మరో అణువు పలక మీద వచ్చి వాలిందా లేదా, వాలితే ఏ మూల వాలింది అన్నది ఆ జారుడు చూసి చెప్పవచ్చు.

1929లో భగవంతానికి ఎన్‌ఎంఆర్ తెలియదు, అది పుట్టలేదు. అయినా ఆయన వేలాడదీసిన ఆ తెల్లటి బిళ్లలో దాని బీజం ఉంది. మరో రెండేళ్లకి, 1931లో, రామన్‌తో కలిసి కాంతికణానికి కూడా స్వభ్రమణం ఉందని ప్రయోగంతో రుజువైందని ప్రకటించారు. తిరుగుడు, అయస్కాంతం, అణువు చూపించే ముఖం. గుడివాడ కుర్రవాడి చేతిలో ఆ మూడూ అంత చిన్న వయసులోనే పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వెంకటరాయుడు గారితో కలిసి రాసిన గ్రూప్ సిద్ధాంతపు పుస్తకం 1948లో వచ్చింది. అణువుల సౌష్ఠవాన్ని గణితంలో పట్టే విద్యని చెబుతూ అది దేశదేశాల విద్యార్థుల బల్లల మీదికి చేరింది. ఊళ్లో ఆయన పేరు ఎంతమందికి గుర్తుందో అడగను. అడిగితే మనసు చివుక్కుమంటుంది.

ఆ వలయాల గుణం పెడన కరక్కాయలో పనిచేస్తుంది. కరక్కాయ నోట్లో వేసుకుంటే నాలుక ముడుచుకుపోతుంది. వగరు. ఆ వగరు రుచి కాదు, స్పర్శ. మన ఉమ్మిలో నోటికి జారుడునిచ్చే ప్రోటీన్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం గుట్టలుగా ఉంటుంది. కరక్కాయలోని టానిన్ అణువు నిండా వలయాలే, వలయం వలయానికీ ఆక్సిజన్‌లే. 1994లో ఇంగ్లండు షెఫీల్డ్ శాస్త్రజ్ఞులు ఇలాంటి అణువునీ, ఉమ్మి ప్రోటీన్‌లోని ముక్కనీ కలిపి ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో పెట్టారు. టానిన్ వలయం ప్రోలిన్ పలక మీద బోర్లా వాలుతోందని తేలింది. స్వరాలు జారిన తీరే సాక్ష్యం. అలా ఒక ప్రోటీన్ మీద నాలుగైదు చోట్ల వాలి, రెండు ప్రోటీన్‌లని కలిపి కట్టేసి, ముద్దచేసి కూర్చోబెడుతుంది. నాలుక మీద జారుడు పోతుంది. దాన్నే వగరంటాం.

ఇప్పుడు గేదెపాలు తలుచుకోండి. పాలలోని కేసీన్ కూడా ప్రోలిన్ నిండుగా ఉన్న ప్రోటీనే. కరక్కాయ నీళ్లలో పాలు పోసినప్పుడు పెడన తొట్టిలో జరిగేదీ, వగరు కాయ కొరికినప్పుడు మన నోట్లో జరిగేదీ ఒకే కుటుంబపు సంగతి. టానిన్ పాలప్రోటీన్‌ని పట్టుకుంటుంది, నూలుని పట్టుకుంటుంది, తర్వాత వచ్చే పటికలోని అల్యూమినియం కోసం ఆక్సిజన్‌ల చేతులు చాచి కూర్చుంటుంది. పాలవల్ల అద్దిన గీత పక్కకి పాకకుండా అంచు నిలుస్తుందని అద్దకం ఇళ్లలో ఎప్పటి నుంచో తెలుసు. ఆ తెలివికి ప్రయోగశాల ముద్ర అక్కర్లేదు. కానీ అంచు నిలిచిన కారణం అణువు దగ్గర ఎలా ఉందో చూసినప్పుడు ఆ తెలివి మీద గౌరవం ఇంకొంచెం పెరుగుతుంది.

రెండు అణువులు ఎంత దగ్గరగా వచ్చాయో కొలవడానికి ఈ విద్యలో మరో ఉపాయం ఉంది. ఒక ప్రోటాన్‌ని గుచ్చి కదిపితే దాని పక్కనున్న ప్రోటాన్ కూడా ఉలిక్కిపడుతుంది. రసాయన బంధం అక్కర్లేదు. ఖాళీలో ఊరకే దగ్గరగా ఉంటే చాలు. ఈ ఉలికిపాటు దూరంతో పాటు భయంకరంగా తగ్గిపోతుంది. దూరం రెట్టింపైతే అరవై నాలుగో వంతుకి పడిపోతుంది. అందువల్ల మీటరులో రెండువందల కోట్లలో ఒక వంతు, అంటే అర నానోమీటరు దాటితే వినపడదు. వినపడిందంటే రెండూ పక్కపక్కనే ఉన్నట్టు. 1980లో బెంగుళూరు అనిల్ కుమార్ స్విట్జర్లండులో ఎర్న్‌స్ట్, వుత్రిష్‌లతో కలిసి ఈ ఉలికిపాటులన్నిటినీ ఒకేసారి ఒక పటం మీద పరిచే పద్ధతి చూపించారు. ప్రోటీన్‌ల ఆకారాలు ద్రవంలోనే చదివే మార్గం దాంతో తెరుచుకుంది. ఎర్న్‌స్ట్‌కి 1991లో, వుత్రిష్‌కి 2002లో నోబెల్ వచ్చింది. ఆ పటాన్ని మొదటిసారి చూసేవాళ్లకి అదొక ముగ్గులా ఉంటుందని చెప్పాలనిపిస్తుంది. ఆపుకుంటాను. అదొక పటం, ప్రతి చుక్కా ఇద్దరు దగ్గరగా ఉన్నారన్న వార్త.

ఈ కలయికల్లో ఇంకో చిక్కు ఉంది, కాలానిది. అణువులు పెళ్లాడి కూర్చోవు. కలుస్తాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. కలిసి విడిపోవడం చాలా వేగంగా ఉంటే ఎన్‌ఎంఆర్‌కి ఒంటరి స్వరమూ జంట స్వరమూ వేరువేరుగా వినపడవు. రెండిటి సగటు ఒక్కటే వినపడుతుంది. నెమ్మదిగా ఉంటే రెండూ విడివిడిగా పలుకుతాయి. ఆ మధ్య వేగంలో ఉంటే స్వరం వెడల్పై, మసకబారి, కొన్నిసార్లు మాయమవుతుంది. రసాయనికుడు ఒక అణువు ద్రావణంలో రెండో అణువుని చుక్క చుక్కగా కలుపుతూ పోతాడు. ప్రతి చుక్కకీ స్వరం కాస్త జరుగుతుంది. మొదట్లో గబగబా, తర్వాత నిదానంగా, చివరికి ఇక జరగదు. ఆ వంపు గీసి చూస్తే వాటి పట్టు ఎంత గట్టిదో అంకెల్లో చెప్పవచ్చు. ఒక మందు శరీరంలో ఏ ప్రోటీన్‌ని ఎక్కడ పట్టుకుంటుందో కనిపెట్టడానికి ఇవాళ ఔషధ పరిశోధనలో చేసే పనుల్లో ఇదొకటి. హైదరాబాదులో తార్నాక దగ్గర ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో, దానికి కూతవేటు దూరంలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర సంస్థలో ఇలాంటి అయస్కాంతాలు రేయింబవళ్లు చలిలో మునిగి ఉన్నాయి. ఆ చలి తగ్గకూడదు, తగ్గితే అయస్కాంతం పోతుంది. అందుకే నైట్రోజన్ పోసేవాడికి పండగ సెలవు ఉండదు.

ఇప్పుడు మళ్లీ ఎరుపు దగ్గరికి. అలిజరిన్ కూడా మూడు వలయాలు అతుక్కున్న చదునైన పలకే. ఒక చివర వలయం మీద పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్‌లు. వాటిలో మొదటిదానికి ఎదురుగా నడిమి వలయం మీద ఒక ఆక్సిజన్ ఉంది. ఆ హైడ్రాక్సిల్ తన హైడ్రోజన్‌ని ఆ ఆక్సిజన్ వైపు వంచి పట్టుకుంటుంది. ఇల్లు కదలకుండా ఇంట్లోనే జరిగే స్నేహం ఇది. దాని గుర్తు ఎన్‌ఎంఆర్‌లో తప్పిపోయే ప్రశ్నే లేదు. వలయపు హైడ్రోజన్‌లన్నీ ఏడుకీ ఎనిమిదికీ కాస్త అటూ ఇటూగా గుంపుగా ఉంటే, ఇది ఒంటరిగా పన్నెండు దాటి ఎక్కడో పలుకుతుంది. అల్యూమినియం వచ్చి ఆ చోటు తీసుకుంటే హైడ్రోజన్ వెళ్లిపోవాల్సిందే. వెళ్లిపోతే ఆ దూరపు స్వరం ఆగిపోతుంది. వలయంలోని ఎలక్ట్రాన్ల సర్దుబాటు మారుతుంది. అది మారితే అణువు మింగే కాంతి మారుతుంది. నారింజ పసుపు పోయి ఎరుపు వస్తుంది.

అయితే అల్యూమినియం సరిగ్గా ఏ రెండు ఆక్సిజన్‌ల మధ్య కూర్చుంది? పక్కపక్కనున్న హైడ్రాక్సిల్‌ల మధ్యనా, లేక మొదటి హైడ్రాక్సిల్‌కీ ఎదుటి ఆక్సిజన్‌కీ మధ్యనా? ఈ తగువు దశాబ్దాలు నడిచింది. ఎరుపు రంగు రసాయనంలో అల్యూమినియంతో పాటు కాల్షియం కూడా ఉండి తీరాలని రంగులవాళ్లకి తెలుసు. ఆ లెక్క ఎలా కుదురుతుందన్నది అందులో మరో ముడి. అప్పుడు వినాల్సింది ప్రోటాన్‌ని కాదు, అల్యూమినియాన్నే. దాని కేంద్రకం కూడా తిరుగుతుంది. ప్రకృతిలో దొరికే అల్యూమినియమంతా ఒకే రకం, 27 బరువుది. వింటానంటే ప్రతి పరమాణువూ పలుకుతుంది. చుట్టూ ఆరుగురు ఆక్సిజన్‌లు ఉంటే సున్నా దగ్గర, నలుగురే ఉంటే అరవైకీ ఎనభైకీ మధ్య. పొరుగువాళ్ల సంఖ్యని ఇంత సూటిగా చెప్పే మూలకాలు తక్కువ. 1996లో ఫ్రాన్సులో పరిశోధకులు అలిజరిన్ అల్యూమినియం సమ్మేళనాలని గట్టి రూపంలోనే, కరిగించకుండా, ఇలా విన్నారు. బందరు అద్దకపు బట్టలని ఒకప్పుడు తరిమేసిన దేశంలోనే, ఆ ఎరుపు వెనకున్న జంట ఎలా కూర్చుందో మూడు వందల ఏళ్ల తర్వాత చెవి ఒగ్గి వినడం నాకు కొంచెం సరదాగా ఉంటుంది.

గట్టిపదార్థాన్ని వినడం సులువు కాదు. ద్రవంలో అణువులు గిరగిర తిరుగుతూ ఉంటాయి కనుక దిక్కుల తేడాలన్నీ సగటై స్వరం సన్నగా వస్తుంది. గట్టిదాంట్లో అణువు కదలదు. ప్రతి దిక్కు అణువూ వేరే స్వరం పలికి అంతా కలిసి ఒక వెడల్పాటి గుట్ట అవుతుంది. దీనికి 1950ల చివర దొరికిన విరుగుడు చూస్తే నవ్వొస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది. అణువులు తిరగకపోతే గొట్టాన్నే తిప్పడం. ఊరికే తిప్పితే చాలదు. క్షేత్రానికి 54.7 డిగ్రీల వాలులో, సెకనుకి పదివేల చుట్లు, ఇంకా పైగా. సరిగ్గా ఆ కోణంలో దిక్కుల తేడా పెట్టే గణిత పదం సున్నా అయిపోతుంది. అరడిగ్రీ తప్పినా గుట్ట మళ్లీ ఉబుకుతుంది. పొడి నింపిన, చిటికెన వేలికంటే సన్నని గొట్టం గాలిపోటు మీద తేలుతూ ఆ వాలులో తిరుగుతుంది.

కాల్షియం సంగతి మాత్రం వేరే. ప్రకృతిలోని కాల్షియంలో అయస్కాంతానికి పలికే రకం వెయ్యిలో ఒకటీ, కాస్త పైన. తక్కినదంతా నోరు విప్పదు. కృష్ణ కలిసే తీరపు ఇసుకలో గవ్వలు, నత్తగుల్లలు అరిగి కలిసి ఉంటాయి. అదంతా కాల్షియమే. కాలవనీళ్లలో కొంత ఉంటుంది. ఎరుపుకి ప్రాణం పోసినవాళ్లలో ఒకరు ఇంత గొప్ప యంత్రం ముందు కూడా దాదాపు మూగగా ఉండిపోవడం నాకు నచ్చుతుంది. ఎందుకు నచ్చుతుందో వివరించలేను.

దివిసీమలో ఇంకో రకం సంబంధం ఉంది. అక్కడ కలవడం కంటే దూరంగా ఉండటమే పని. నాగాయలంక దాటి, కృష్ణ పాయలు సముద్రంలోకి విప్పుకునే చోట మడ అడవులు. ఉప్పునీళ్లలో వేళ్లు పాతుకుని నిలబడ్డ మడచెట్టు తన ఆకుల మీద ఉప్పు స్ఫటికాలుగా వదిలేస్తుంది. వదిలేసినా ఒంట్లో ఉప్పు ఉంటుంది. బయటి ఉప్పు నీటిని లాగేస్తుంటే కణం ఎండిపోకుండా మడచెట్టు తన కణాల్లో బీటైన్ అనే చిన్న అణువుని దండిగా కూడబెట్టుకుంటుంది. ఆకు రసం పిండి ఎన్‌ఎంఆర్‌లో పెడితే ఆ అణువు దాగదు. నైట్రోజన్ చుట్టూ మూడు కార్బన్‌ల మీద తొమ్మిది హైడ్రోజన్‌లు, తొమ్మిదీ ఒకదానికొకటి సమానం. తొమ్మిదీ ఒకే చోట, 3.26 దగ్గర, ఒకే గొంతుతో నిటారుగా నిలబడతాయి.

ఈ బీటైన్ ప్రోటీన్‌లని పట్టుకోదు. అదే దాని గొప్పతనం. ప్రోటీన్ చర్మం దగ్గరికి రావడానికి ఇష్టపడదు, అక్కడ నీటికి చోటు వదిలేస్తుంది. ఆ తప్పుకోవడం వల్ల ప్రోటీన్ తన మడతల్లో గట్టిగా ముడుచుకుని ఉంటుంది, ఉప్పు దాన్ని విప్పదీయలేదు. చిరివేరూ పటికా ఒకదాన్నొకటి పట్టుకుంటే బందరు చీర మీద రంగు నిలిచింది. బీటైన్ పట్టుకోకుండా తప్పుకుంటే దివిసీమ తీరాన చెట్టు నిలిచింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత ఆ చెట్లు లేని తీరం ఎలా ఉంటుందో దివిసీమకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకో కోరిక ఉంది. పెడన గంగాళంలోంచి తీసి, కాలవలో ఉతికి ఆరేసిన గుడ్డలో ఎర్రపువ్వు ఉన్న ముక్క ఒకటి, పక్కనే అద్దని తెల్లచోటు ముక్క ఒకటి, సన్నగా తురిమి ఆ వాలు గొట్టంలో నింపి తిప్పించాలి. నూలులోని కార్బన్‌ని వింటే, పోగు లోపల క్రమంగా పేర్చుకున్న సెల్యులోజు 89 దగ్గర పలుకుతుంది. పోగు పైపొరల్లో, చెదిరిన చోట్లలో ఉన్నది 84 దగ్గర. రంగు వాలే చోటు ఆ పైపొరే కనుక మార్పు ఉంటే అక్కడ వెతకాలి. అల్యూమినియం సున్నా దగ్గర పలుకుతుందా, అరవై వైపుకి కూడా ఏమైనా ఉందా చూడాలి. బట్ట మీద అల్యూమినియం చాలా తక్కువ. ఒక్కసారి వింటే హోరు తప్ప ఏమీ ఉండదు. వేల సార్లు విని కలుపుకుంటూ పోవాలి. నాలుగు రెట్లు వింటే గాని రెండు రెట్లు స్పష్టం కాదు. ఒక రాత్రి చాలకపోతే నాలుగు రాత్రులు తిప్పమని అడుగుతాను. నైట్రోజన్ పోసేవాడు విసుక్కుంటాడేమో. ఒక కలంకారీ రుమాలు ఇస్తే సరిపోతుంది.